ఆ రెండు దాసరి పురుగులూ ఒక ఫ్యామిలీ కాదండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న మీ వ్యవసాయం పేజీలో ఆముదం దాసరి పురుగు, క్యాబేజీ దాసరి పురుగు (రెండూ మాత్‌ల, అంటే రాత్రిపూట ఎగిరే రెక్కల పురుగుల గొంగళి దశలే) ఫొటోలు పక్కపక్కన వేసి రెండూ నాక్ట్యుయిడే ఫ్యామిలీ, ప్లూసినే సబ్‌ఫ్యామిలీ అని రాశారు. క్యాబేజీది కరెక్టే. ఆముదంది మాత్రం అసలు ప్లూసినే కాదండి, ఇప్పుడు దాన్ని నాక్ట్యుయిడేలోనే ఉంచట్లేదు, ఎరెబిడే అనే వేరే ఫ్యామిలీలోకి మార్చారు. నేను వైజాగ్‌లో డిగ్రీ పిల్లలకి జువాలజీ చెప్తాను, వాళ్ళే ఆ పేజీ కట్ చేసి తెచ్చి మేడం ఇదేంటి అని అడిగారు, అందుకే రాస్తున్నాను.

పొరపాటు ఎక్కడొస్తుందో అర్థమవుతుంది. రెండూ నడుము పైకెత్తి జానతో కొలుస్తున్నట్టు నడుస్తాయి, ఎందుకంటే పొట్ట కింద ముందు వైపు కాళ్ళు లేకపోవడమో చిన్నవైపోవడమో జరిగింది. కానీ నడక ఒకటైనంత మాత్రాన చుట్టాలైపోవు కదా, అది రెండు వైపులా విడివిడిగా వచ్చిన లక్షణం.

పాత పుస్తకాల తప్పూ కాదులెండి. 1890ల్లో హాంప్సన్ (నీలగిరిలో టీ తోటలు చేసిన ఆయనే) మన దేశపు మాత్‌ల మీద రాసేనాటికి రెక్కల్లో నరాలు చూసే ఎక్కువగా విడగొట్టేవాళ్ళు. వెనక రెక్కలో ఒక నరం బలంగా ఉంటే ఒక గుంపు, బలహీనంగా ఉంటే ఇంకో గుంపు. ప్లూసినే వాటికీ, ఆముదం దాసరి పురుగుకీ అది బలంగానే ఉంటుంది కాబట్టి రెండిటినీ ఒకే వైపు లెక్కేసేవాళ్ళు. 2011లో జహీరి అనే శాస్త్రవేత్త, ఆయనతో పనిచేసినవాళ్ళు ఎనిమిది జన్యువులు పోల్చి చూస్తే ప్లూసినే నాక్ట్యుయిడేలోనే ఉండిపోయింది, శనగపచ్చ పురుగు, పొగాకు లద్దె పురుగు దాని చుట్టాలు. ఆముదం దాసరి పురుగు మాత్రం ఎరెబిడేలోకి వెళ్ళింది, వేరుశనగ తినే ఎర్ర గొంగళి పురుగు ఉన్న ఫ్యామిలీ అది! ఒంటి మీద అంత వెంట్రుకలున్న గొంగళి, ఈ నున్నటి పురుగు ఒకే ఫ్యామిలీ అంటే మా పిల్లలు మొదట నమ్మలేదు.

రైతుకి ఏ ఫ్యామిలీ అయితే ఏంటి అనకండి. ఆడ పురుగు వాసనతో మగవాటిని రప్పించి పట్టే లింగాకర్షక బుట్టల సంగతే చూడండి. ప్లూసినే ఆడ పురుగులు చాలావరకు జడ్-7-డోడెసినైల్ అసిటేట్ అనే పదార్థంతో మగవాటిని పిలుస్తాయి, శనగపచ్చ పురుగు అది కాకుండా ఆల్డిహైడ్‌లు వాడుతుంది. ఎరెబిడేలో చాలా వాటి పద్ధతే వేరు, ఆముదం దాసరి పురుగు ఆడది వదిలేవి పొడవాటి హైడ్రోకార్బన్లు, తయారయ్యే దారే వేరు. మీ పేజీ చూసి ఎవరైనా రెండూ ఒకటే అనుకుని క్యాబేజీ దానికి పనికొచ్చే ల్యూర్ (బుట్టలో పెట్టే వాసన ఎర) తెచ్చి ఆముదం చేలో పెడితే బుట్ట ఖాళీగా ఉంటుంది, డబ్బులు పోతాయి, పైగా పురుగు లేదనుకుని ఊరుకుంటే పంట పోతుంది.

కరెక్షన్ వేస్తే రెక్కల పురుగుల ఫొటోలు కూడా వేయండి దయచేసి. గొంగళి దశలో తికమక గానీ పెద్దయ్యాక చూడగానే తెలిసిపోతాయి. ఆముదం దాసరి పురుగుకి వెనక రెక్క నల్లగా, మధ్యలో తెల్ల పట్టీ, అంచున తెల్ల మచ్చలు. ప్లూసినేలో చాలావాటికి ముందు రెక్క మీద వెండి మచ్చో బంగారు పూతో ఉంటుంది, వాటిలోనే ఒకటైన థైసనోప్లూసియాకైతే లైటు పడితే ఇత్తడిలా మెరుస్తుంది. వర్షాకాలం రాత్రిళ్ళు సింహాచలం కొండ వైపు వీధి లైట్ల కింద చూస్తే ఇలాంటి మాత్‌లు బోలెడు కనిపిస్తాయి, ఫొటోలు కావాలంటే మా పిల్లలు తీసి పంపిస్తారు. అగ్రికల్చర్ పోస్టుల పరీక్షలకి మీ పేజీ చదివేవాళ్ళు చాలామంది ఉన్నారు, ఆముదం దాసరి పురుగు పేరు పక్కన ఎరెబిడే ఫ్యామిలీ, ఎరెబినే సబ్‌ఫ్యామిలీ అని అదే పేజీలో, కనపడేంత అక్షరాల్లో వేయండి.

ఇట్లు,
ఒక జువాలజీ టీచర్,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం