నారాకు మూడు గంటలేనా?

సంపాదకులకు,

ఆర్యా,

జపాన్ యాత్రల ప్రకటనలు తెలుగు పత్రికల్లో తరచుగా కనిపిస్తున్నాయి. వాటిలో టోక్యో, క్యోటో, ఒసాకాలతో పాటు నారా పేరూ ఉంటుంది గానీ, ఏ ఊళ్లో ఎన్ని గంటలు ఉంచుతారో ఉండదు. నిరుడు అలాంటి యాత్రకే మా కుటుంబం వెళ్లింది. నారాలో మాకు దక్కినవి మూడు గంటలు. అందులోనూ చాలాసేపు జింకలకు బిస్కెట్లు తినిపించడంతోనే సరిపోయింది. ఒక జింక మా ఆవిడ చేతిలోని కార్యక్రమ పత్రాన్నే లాక్కుని నమిలేసింది. (నవ్వుకున్నాం గానీ, 2019లో అక్కడ చనిపోయిన జింకల కడుపుల్లో ప్లాస్టిక్ ముద్దలు బయటపడ్డాయని తర్వాత తెలిసింది; ఆ హెచ్చరిక మాకెవరూ చేయలేదు.)

నారా 710లో జపాన్ రాజధాని అయిన ఊరు. అక్కడి తొదాయ్‌జీ ఆలయంలో సుమారు 15 మీటర్ల ఎత్తున కూర్చున్న కంచు బుద్ధుడికి 752లో నేత్రోన్మీలనం (విగ్రహానికి కళ్లు దిద్దే క్రతువు) చేసినవాడు బోధిసేనుడనే భారతీయ భిక్షువు. ఆయన కనుపాపలు దిద్దిన కుంచెకు పొడవాటి దారం కట్టి, వచ్చినవారంతా దాన్ని పట్టుకుని ఆ పుణ్యంలో పాలుపంచుకున్నారని చెబుతారు; ఆ కుంచె, ఆ నీలి దారం షోసోయిన్ భాండాగారంలో నేటికీ ఉన్నాయి. ఆ భాండాగారపు వస్తువుల్లో కొన్నింటిని ఏటా శరత్కాలంలో సుమారు రెండు వారాలపాటు మాత్రమే నారా జాతీయ మ్యూజియంలో ప్రదర్శిస్తారు కనుక, విమానం టికెట్లు కొనడానికి ముందే ఆ తేదీలు చూసుకోవాలి. నాగార్జునుడిని ‘ర్యూజు’ అనే పేరుతో ఎనిమిది బౌద్ధ శాఖలకు మూలపురుషుడిగా అక్కడివారు గౌరవిస్తారన్న సంగతి, నాగార్జునకొండ పక్కనే పుట్టి పెరిగిన నాకు ఇంటికొచ్చాక గానీ తెలియకపోవడం నా తప్పే.

నారా నుంచి రైల్లో పావుగంట దూరంలోని హోర్యూజీ బౌద్ధాలయం మా కార్యక్రమంలోనే లేదు. ప్రపంచంలో నిలిచి ఉన్న అతి పురాతనమైన చెక్క కట్టడాలు అక్కడివే. అజంతాను తలపించే అక్కడి కుడ్యచిత్రాలు 1949 జనవరి 26న అగ్నిప్రమాదంలో దెబ్బతిన్నాకే, మరుసటి ఏడు జపాన్ సాంస్కృతిక సంపద పరిరక్షణ చట్టం చేసుకుంది.

ఈసారి మేమే ప్రణాళిక వేసుకుని నారాలో రెండు రాత్రులు ఉండబోతున్నాం. పగటి యాత్రికులు క్యోటో, ఒసాకాలకు తిరిగి వెళ్లిపోయాక, రాత్రి కూడా తెరిచే ఉండే తొదాయ్‌జీలోని నిగత్సుదో మందిరం వసారా మీద నిలబడి ఊరి దీపాలు చూడాలని మా ఆవిడ కోరిక. చేపల రసం కలవని భోజనం దొరికే చోట్లను మాత్రం ఇంకా వెతుకుతున్నాం.

యాత్రా సంస్థలు ప్రతి ఊరి పేరు పక్కనా అక్కడ గడిపే గంటలను కూడా అచ్చు వేయాలని, అలా లేని ప్రకటనలను వెనక్కి పంపాలని మీ ప్రకటనల విభాగానికి చెప్పవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, మాచర్ల