ఆయమ్మ ఊరికి పోలేదు

సంపాదకులు గారికి నమస్కారం.

బాలల దినోత్సవం నాడు మీ పత్రికలో చిన్నపిల్లల టీవీ కార్యక్రమాల గురించి వచ్చిన వ్యాసం చదివాను. అక్షరాలు, అంకెలు, మంచి అలవాట్లు నేర్పే కార్యక్రమాలు తెలుగులో ఇంకా రావాలని రాశారు. రావాల్సిందే. కానీ అక్షరాలు నేర్పడానికి మాలాంటి వాళ్లం ఉన్నాం. మాకు నోరు పెగలని సంగతి ఒకటుంది. ఇంట్లోనో వీధిలోనో ఎవరైనా చనిపోతే మూడేళ్ల, నాలుగేళ్ల బిడ్డకు ఏం చెప్పాలన్నదే అది. దాని గురించే ఈ ఉత్తరం.

నేను అనంతపురంలో అంగన్‌వాడీ టీచర్ని. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. పోయిన ఆషాఢంలో మా సెంటర్ ఆయమ్మ చనిపోయింది. శనివారం గిన్నెలు తోమి బోర్లించి, చాపలు చుట్టిపెట్టి, "సోమవారం పెందలాడే వస్తాలే టీచర్" అని వెళ్లింది. ఆదివారం తెల్లవారుజామున గుండెపోటు వచ్చింది. పద్నాలుగేళ్లు ఇద్దరం కలిసి పనిచేశాం. పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని పిలుచుకొచ్చేది ఆమే. చంకలో ఒకరు, కొంగు పట్టుకొని ఇద్దరు. మధ్యాహ్నం గుడ్డు ఒలిచి, చిదిపి, పప్పన్నంలో కలిపి, తినని వాళ్ల వెంట పడి తినిపించేది కూడా ఆమే. కొందరు పిల్లలకు నాకంటే ఆమె దగ్గరే చనువు.

సోమవారం పిల్లలు అడిగారు. "ఆయమ్మ యాడికి పోయింది టీచర్?"

"ఊరికి పోయింది నాయనా" అన్నాను. ఆలోచించి చెప్పింది కాదు, నోటికి అదే వచ్చింది. మన ఇళ్లలో అందరం అనే మాటే కదా. ఊరికి పోయింది అంటాం, నిద్రపోతోంది అంటాం, చుక్కైపోయింది అంటాం. బిడ్డ ఏడవకూడదని అంటాం.

ఆ మాట ఏం చేసిందో రెండు వారాల్లో తెలిసింది. నాలుగేళ్ల పిల్లవాడి తల్లి ధర్మవరంలో పెళ్లికి బయలుదేరుతూ, "ఊరికి పోయొస్తా నాన్నా" అందట. వాడు ఆమె కాళ్లు చుట్టేసుకుని వదల్లేదట. ఊపిరాడనంతగా ఏడ్చి వాంతి చేసుకున్నాడు. ఆమె పెళ్లి మానుకుంది. ఆ రాత్రి నుంచి వాడు పక్క తడపడం మొదలుపెట్టాడు. "ఊరు అంటే చాలు, బెదిరిపోతాండాడు టీచర్. ఊరికి పోయినోళ్లు మళ్లీ రారంట, వాడే చెప్తాండాడు" అని ఆ తల్లి నా ముందు కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమెకేం చెప్పను? ఆ భయం నేను పెట్టిందే. అదే వారం ఇంకో పాప నా పక్కకు వచ్చి మెల్లగా అడిగింది, "నేను అన్నం పారేసినానని ఆయమ్మకు కోపమొచ్చిందా?" అని. రెండు వారాలుగా ఆ బిడ్డ మనసులో అదే నలుగుతోందన్నమాట.

మా అమ్మాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తుంది. ఆదివారం ఇంటికి వచ్చినప్పుడు ఈ మాటలన్నీ చెప్పుకున్నాను. తను ఫోన్‌లో ఒక పాత ఎపిసోడ్ పెట్టి చూపించింది. అమెరికాలో 1969 నుంచి వస్తున్న 'సెసమీ స్ట్రీట్' అనే బొమ్మల కార్యక్రమం. నాకు ఇంగ్లీషు అంతంత మాత్రం. తను ఆపి ఆపి తెలుగులో చెప్తుంటే చూశాను. రెండోసారి చూసేటప్పుడు చెప్పించుకునే పని లేకపోయింది.

ఆ కార్యక్రమంలో ఒక వీధి ఉంటుంది. వీధిలో హూపర్ అనే పెద్దాయన అంగడి ఉంటుంది. మొదటి రోజు నుంచీ ఆ పాత్ర వేసిన విల్ లీ అనే నటుడు 1982 డిసెంబరులో గుండెపోటుతో చనిపోయాడు. వేరే నటుడిని పెట్టొచ్చు, లేదా హూపర్ పని మానేసి దూరంగా వేరే ఊళ్లో ఉంటున్నాడని చెప్పేయొచ్చు. వాళ్లు ఆ మాటా అనుకున్నారట. అంటే నేను చెప్పినట్టే, ఊరికి పోయాడని. చివరికి అలా వద్దనుకున్నారు. పిల్లల మనస్తత్వం తెలిసిన నిపుణులను అడిగి, ఒక్కొక్క మాటా తూచి రాసుకుని, ముందుగా చిన్నపిల్లలకు చూపించి, అర్థమవుతోందని తేల్చుకున్నాకే టీవీలో వేశారు. అది 1983 నవంబరు 24న, వాళ్లకు థాంక్స్‌గివింగ్ పండగ రోజు వచ్చింది. పండగ కాబట్టి అమ్మానాన్నలు ఇంట్లోనే ఉంటారు, బిడ్డ ఏమడిగినా పక్కనే ఉండి చెప్తారని ఆ రోజును ఎంచుకున్నారు. అంత ముందుచూపు నన్ను కదిలించింది.

అందులో బిగ్ బర్డ్ అని మనిషి కంటే ఎత్తైన పసుపుపచ్చ పక్షి. వయసు మాత్రం ఆరేళ్ల పిల్లవాడిది. అందరి బొమ్మలూ గీసి తెచ్చి పంచుతాడు. ఆఖరున హూపర్ బొమ్మ మిగులుతుంది. ఆయన వచ్చాక ఇస్తానంటాడు. పెద్దవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. అప్పుడు మారియా అనే ఆమె దగ్గరికి వచ్చి, హూపర్ చనిపోయాడని ముందే చెప్పాం కదా, గుర్తుందా అంటుంది. గుర్తుందంటాడు. సరే, ఆయన తిరిగొచ్చాక ఇస్తానంటాడు! ఇరవై రెండేళ్లలో నేను పిల్లల దగ్గర చూసింది సరిగ్గా ఇదే. చనిపోయింది అన్న మాట తెలుస్తుంది, ఇక రాదన్నది తెలియదు. చనిపోయినవాళ్లు తిరిగి రారు అని వాళ్లు నిదానంగా, దాచకుండా చెప్తారు. ఎందుకిలా అని బిగ్ బర్డ్ కోపంగా అడిగితే, గోర్డన్ అనే ఆయన దగ్గర జవాబు ఉండదు. ఎందుకంటే... అంతే, అంటాడు. దేవుడు తీసుకుపోయాడనీ అనడు, మంచివాళ్లు త్వరగా పోతారనీ అనడు. ఆయనకు జబ్బు చేసిందనో, ఆసుపత్రిలో పోయాడనో కూడా ఎక్కడా అనరు. అలా అంటే రేపు జ్వరమొచ్చినా పిల్లలు చావేమోనని భయపడతారు కదా.

ఆ పెద్దవాళ్ల కళ్లలో నీళ్లు నటన కాదు. పోయినవాడు వాళ్లతో ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి. పంచిన బొమ్మలు కూడా ఆ పక్షి వేషంలో ఉన్న కరోల్ స్పిన్నీ నిజంగా తన చేత్తో గీసినవే.

బిగ్ బర్డ్ అడిగిన ఇంకో ప్రశ్న: మరి ఆయన లేకపోతే నాకు గింజల మిల్క్‌షేక్ ఎవరు చేసిపెడతారు, కథలు ఎవరు చెప్తారు? అంగడి చూసుకుంటున్న డేవిడ్, నేను చేసిపెడతా, కథలు అందరం చెప్తాం అంటాడు.

మర్నాడు సెంటర్‌లో పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టాను. ఆట సామాన్లలో ఉన్న చేతిబొమ్మ తొడుక్కున్నాను. నేరుగా చెప్పే ధైర్యం లేదు, బొమ్మ ఉంటే కొంచెం ధైర్యం. బొమ్మ చేత, "ఆయమ్మ ఊరి నుంచి ఎప్పుడొస్తుంది టీచర్?" అని అడిగించి, నేను జవాబు చెప్పాను. "ఆయమ్మ ఊరికి పోలేదు. నేను తప్పు చెప్పాను. ఆయమ్మ చనిపోయింది. ఇక రాదు. ఎవరి మీదా కోపంతో పోలేదు. మీరందరూ అంటే ఆమెకు ఇష్టం." నా గొంతు పట్టేసింది. పిల్లలు నా ముఖమే చూస్తూ ఉండిపోయారు. కాసేపటికి ఒక పాప అడిగింది, "మరి గుడ్డు ఎవరు ఒలుస్తారు?"

"నేను ఒలుస్తా" అన్నాను.

అమెరికాలో ఆ పక్షి అడిగిందీ, మా పాప అడిగిందీ ఒకటే. ఆ పిల్లవాడు మాత్రం వెంటనే మారలేదు. నెల పట్టింది. ఇప్పుడు వాళ్లమ్మ ఊరికి వెళ్తే ఎన్ని రోజులకు వస్తావని వేళ్లు చూపించమంటాడు.

మన దేశంలో 2006లో ఇదే సెసమీ వాళ్ల తోడ్పాటుతో 'గలీ గలీ సిమ్ సిమ్' వచ్చింది. అందులో బడి యూనిఫాం వేసుకున్న చమ్కీ అనే బొమ్మ నాకు చాలా ఇష్టం. కానీ అది హిందీ, మా పిల్లలకు హిందీ రాదు. ఇలాంటి మాట బిడ్డకు అమ్మ మాట్లాడే భాషలోనే చెప్పాలి. దక్షిణాఫ్రికాలో హెచ్ఐవీతో ఎన్నో ఇళ్లలో తల్లులు పోతుంటే, అక్కడి సెసమీలో 2002లో తల్లి లేని, హెచ్ఐవీ ఉన్న కామీ అనే బొమ్మను పెట్టారు. వాళ్ల పిల్లలకు ఏది అవసరమో అది చేసుకున్నారు.

మనకు బొమ్మలు లేవా? ధర్మవరం పక్కనే నిమ్మలకుంట ఉంది. అక్కడి తోలుబొమ్మల కళాకారులు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలు మీద ఎరుపు, పచ్చ రంగులతో వాళ్లు చేసే బొమ్మ వెలుగులో నిలబడితే మూడేళ్ల బిడ్డ కూడా రెప్ప వేయదు. ఇప్పుడు ఆ చేతులు బతుకుదెరువుకు ఎక్కువగా దీపాల తొడుగులు, గోడ అలంకరణలు చేస్తున్నాయి. వాళ్ల రామాయణంలో జటాయువు చనిపోతాడు, రాముడు ఏడుస్తాడు, తన చేతులతో దహనం చేస్తాడు. లేపాక్షిలో ఆ పెద్ద పక్షి విగ్రహం చూసిన మా పిల్లవాడొకడు, "రాముడు లే పక్షీ అంటే లేచిందా?" అని అడిగాడు. ఆ రోజు మాట మార్చేశాను. ఇప్పుడైతే లేవలేదనే చెప్తాను.

దూరదర్శన్ సప్తగిరి వాళ్లను, పిల్లల కోసం తెలుగులో కార్యక్రమాలు చేసే వాళ్లందరినీ మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను. నిమ్మలకుంట కళాకారులతో ఒక్క అరగంట ఎపిసోడ్ చేయండి. తోలుబొమ్మలాటలో నవ్వించే బంగారక్క, కేతిగాడు అంటే పిల్లలు ఎలాగూ నవ్వుతారు. ఆ కేతిగాడినే వీధిలో పోయిన తాత కోసం వెతకనివ్వండి. మళ్లీ ఎప్పుడొస్తాడని అడగనివ్వండి. ఎవరో ఒకరు వాడి పక్కన కూర్చుని, రాడు అని చెప్పాలి. మన తెలుగులో, మన సీమ మాటలో చెప్పాలి.

తయారయ్యాక టీవీలో వేసే ముందు మా పిల్లలకు చూపించండి. ఏ మాట అర్థమైందో, ఏ మాటకు బెదిరారో వాళ్ల ముఖాలు చూసి చెప్తాను. సెంటర్ పొద్దున తొమ్మిదికి తెరుస్తాం. మధ్యాహ్నం భోజనం ముందు వస్తే మంచిది, తిన్నాక నిద్రపోతారు.

ఇట్లు,
ఒక అంగన్‌వాడీ టీచర్,
అనంతపురం