మంత్రి గారూ, ఎడ్లు తోలిన మనిషి పేరు కూడా రాయించండి

గౌరవనీయులైన రాష్ట్ర క్రీడల శాఖ మంత్రి గారికి నమస్కారం.

గుంటూరు నుంచి రాస్తున్నాం సార్. మా వైపు జరిగే బండలాగుడు పోటీల్లో ముప్పై ఏళ్లకు పైగా ఎడ్లు తోలిన ఒక మనిషి, ఈ సంక్రాంతి పోటీలు అవగానే ఇక బరిలోకి దిగనని చెప్పేశాడు. చుట్టరికం ఉన్నా లేకపోయినా మేమంతా ఆయన్ని బాబాయి అనే పిలుస్తాం. ఆయన పేరు, ఊరు మీ ఆఫీసుకు ఇచ్చే అర్జీలో రాశాం. అందరూ చదివే ఈ లేఖలో మాత్రం వద్దన్నాడు, పేరు పెడితే సాయం కోసం చెయ్యి చాపినట్టు ఉంటుందన్నాడు, ఆయన మాట కాదనలేక ఇక్కడ రాయడం లేదు. కానీ అడగాల్సింది అడక్కుండా ఉండలేం.

పోటీల గురించి మీకు మేం చెప్పాల్సింది లేదు. తెలియని వాళ్ల కోసం రెండు మాటలు. ఒంగోలు గిత్తల జతకు కాడి కట్టి, వెనక గొలుసుతో రాతి బండ తగిలిస్తారు. సీనియర్ విభాగంలో ఆ బండ టన్నుకు మించే ఉంటుంది. పోటీని బట్టి పది, పదిహేను, ఇరవై నిమిషాలు టైమిస్తారు, ఆ టైములో ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతూ ఏ జత ఎన్ని అడుగుల దూరం లాగితే దానిదే బహుమతి. పాల పళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని ఎడ్ల వయసును బట్టి విభాగాలు. సంక్రాంతికి, శివరాత్రికి, ఉగాదికి, ఊరి తిరునాళ్లకి ఎక్కడో ఒకచోట పోటీ ఉంటుంది. మిర్చి కోతలు ఒక పక్క నడుస్తున్నా జనం ట్రాక్టర్లేసుకుని పోతారు.

అందరూ ఎడ్లను చూస్తారు. మేం చాలామందిమి బాబాయిని చూడ్డానికి వెళ్లేవాళ్లం.

జత బరిలోకి రాగానే మైకులో యజమాని పేరు, ఊరి పేరు మోగిపోతుంటాయి, కుర్రాళ్లు ఈలలేస్తుంటారు, మిగతా వాళ్లు గొలుసు తగిలించే హడావుడిలో ఉంటారు. బాబాయి మాత్రం ఎడమవైపు ఎద్దు గంగడోలు కింద అరచెయ్యి పెట్టి కాసేపు అలాగే నిలబడేవాడు. దండం పెట్టుకుంటున్నాడేమో అనుకునేవాళ్లు జనం. ఎద్దు బెదిరి ఉంటే అక్కడ చర్మం కింద సన్నగా వణుకు తెలుస్తుందట, అది తగ్గేదాకా చెయ్యి తీసేవాడు కాదు. తర్వాత వంగి డెక్కల మధ్య చూసేవాడు. చిన్న గులకరాయి ఇరుక్కున్నా అది తీసేదాకా విజిల్ ఊదనిచ్చేవాడు కాదు, కమిటీ వాళ్లు టైమైపోతోందని అరిచినా సరే. చర్నాకోల మెడ చుట్టూ వేసుకునేవాడు, అది ఆయన భుజం మీదే ఉండేది, పందెం మొదట్నుంచి చివరిదాకా. నోటితోనే తోలేవాడు. ఆ అరుపులో ఏముందో గానీ, ఐదారు వేల మంది గోల చేస్తున్నా ఆ రెండు ఎడ్లకూ ఆయన గొంతు ఒక్కటే వినిపించేది.

అసలు పనితనమంతా మలుపు దగ్గర. తిన్నగా లాగించడం కాస్త పట్టు ఉన్న ఎవరైనా చేస్తారు. బరి చివర గీత దాటాక జతను వెనక్కి తిప్పాలి, లోపలి ఎద్దు నిలదొక్కుకోవాలి, బయటి ఎద్దు చుట్టూ తిరిగి రావాలి, వెనక బండ ఎటు జారుతుందో చూసుకోవాలి, పక్కన పరిగెత్తే మనుషుల కాళ్లు దాని కింద పడకుండా చూసుకోవాలి, ఇదంతా మోకాలి లోతు దుమ్ములో, కొన్ని సెకన్లలో అయిపోవాలి. చాలా జతలు గెలవాల్సిన పందెం అక్కడే పోగొట్టుకుంటాయి. ఎడ్లు తడబడతాయి, వీళ్లు కంగారుపడి కొడతారు, అవి ఇంకా బెదురుతాయి. బాబాయి మలుపుకు నాలుగు అడుగుల ముందే లోపలి ఎద్దు పక్కకి చేరి మూపురం మీద చెయ్యి వేసేవాడు. అంతే, అది ఆగేది, రెండోది తిరిగేది. మేం మలుపు వైపే కూర్చునేవాళ్లం, వేరే చోటు ఖాళీగా ఉన్నా.

ఒకసారి పొన్నూరు వైపు ఒక ఊళ్లో రాత్రి లైట్ల కింద సీనియర్ జతల పోటీ. ఇంకో రెండు నిమిషాలు టైముంది, మా జతకు కావాల్సింది ఒక్క రౌండు కూడా కాదు, సగం లాగినా మొదటి బహుమతి. కుడి ఎద్దు ముందు కాలు మడిచి కూలబడబోయి లేచింది. జనమంతా లాగించు లాగించు అని అరుస్తుంటే బాబాయి గొలుసు తీయించేశాడు. యజమాని బరిలోకి వచ్చి నానా మాటలన్నాడు. ఈయన ఎద్దు కాలు నిమురుతూ, తల కూడా ఎత్తకుండా, "బండ వచ్చే ఏడు కూడా ఉంటుంది, కాలు పోతే ఎద్దు ఉండదు" అన్నాడు. ఆ ఎద్దు తర్వాత సంవత్సరం కూడా పందేలకు వచ్చింది. అదే యజమాని మళ్లీ బాబాయినే పిలిపించుకున్నాడు.

ఇప్పుడు అసలు విషయం సార్. ఇన్నేళ్లలో ఆయన తోలిన జతలు ఎన్ని బహుమతులు గెలిచాయో చెప్పమంటే మా దగ్గర కాగితం ముక్క లేదు. పేపర్లో పడ్డవి కొన్ని కత్తిరించి దాచుకున్నాం. అన్నిట్లోనూ ఒకే తీరు: ఫలానా ఊరి ఫలానా వారి ఎడ్లు ఇన్ని అడుగుల దూరం లాగి ప్రథమ స్థానంలో నిలిచాయి. ఫొటోలో యజమాని, నాయకులు, కప్పు, మెడలో దండలతో ఎడ్లు. బాబాయి చెయ్యి మాత్రం పగ్గం పట్టుకుని ఒక మూల కనిపిస్తుంది కొన్నిట్లో. కమిటీ వాళ్ల రిజిస్టరులోనూ అంతే, యజమాని పేరు, ఊరు, అడుగులు. తోలేవాడికి కాలమే లేదు. యజమానుల మీద మాకు కోపం లేదు, ఒక జతను పందేనికి సిద్ధం చెయ్యడానికి ఏడాది పొడుగునా ఉలవలకీ పత్తి గింజలకీ వాళ్లు పెట్టే ఖర్చు మాకు తెలుసు, వాళ్లు లేకపోతే ఈ ఆటే లేదు. కానీ తోలిన మనిషి పేరు కూడా పక్కన రాస్తే ఎవరి సొమ్మేం పోయింది?

గిత్తకి పేరుంది. 2002లో మన ఉమ్మడి రాష్ట్రంలో జాతీయ క్రీడలు జరిగినప్పుడు మస్కట్ ఒంగోలు గిత్తే, వీర అని పేరు పెట్టారు. బ్రెజిల్లో నెలోర్ అని పెంచుకునేది మన జాతినే, అక్కడి వియాటినా-19 అనే ఆవు ధర గిన్నిస్ రికార్డు దాకా వెళ్లింది. మాకూ గర్వంగానే ఉంటుంది. ఆ గిత్త పక్కన పరిగెత్తే మనిషిని మాత్రం ఏ లెక్కలోనూ వెయ్యరు.

దీని కోసం మేం తిరగని ఆఫీసు లేదు. ఒకచోట ఇది పశువుల సంగతి, మాకు సంబంధం లేదన్నారు. ఇంకోచోట మనుషుల సంగతి మాకెందుకు, ఎడ్లకి జబ్బు చేస్తే రండి అన్నారు. అందుకే నేరుగా మీకు రాస్తున్నాం, ఎందుకంటే మా లెక్కలో ఇది క్రీడ, తోలేవాడు క్రీడాకారుడు. మట్టి రోడ్ల మీద ర్యాలీ కారు తోలే గౌరవ్ గిల్‌కి 2019లో అర్జున అవార్డు ఇచ్చారు, మోటార్ రేసింగ్ నుంచి ఆ అవార్డు అందుకున్న మొదటి మనిషి ఆయనే. సంతోషం. అక్కడ కారు ఏ కంపెనీదో రాస్తారు, తోలినవాడి పేరూ రాస్తారు, రికార్డు తోలినవాడి పేరు మీదే ఉంటుంది. మరీ దగ్గరి ఉదాహరణ కావాలంటే కర్ణాటక కంబళ ఉంది. 2020లో శ్రీనివాస గౌడ అనే కూలి పని చేసుకునే కుర్రాడు బురదలో దున్నపోతులతో పాటు 142.5 మీటర్లు 13.62 సెకన్లలో పరిగెత్తాడని దేశమంతా మాట్లాడుకుంది. కేంద్ర క్రీడల మంత్రి ఆయన్ని ట్రయల్స్‌కి పిలిచారు, ముఖ్యమంత్రి సన్మానించారు. ట్రయల్స్‌కి వెళ్లనన్నాడు, అది వేరే సంగతి. ఆ కుర్రాడు ఎవరో దేశానికి ఎలా తెలిసింది? టైముతో పాటు పరిగెత్తిన వాడి పేరు కూడా అక్కడ రాసుకున్నారు కాబట్టి. బాబాయి తన ముప్పయ్యో ఏట ఎంత వేగంగా మలుపు తిప్పాడో ఇప్పుడు మేం ఎంత చెప్పినా కథలు చెబుతున్నామనే అంటారు.

ఆయన ఎందుకు మానేశాడో కూడా మీకు తెలియాలి. వయసు ఒక కారణం, మోకాళ్లు అరిగాయి. కానీ మొన్న సంక్రాంతి పందెంలో వేరే జతకు సాయంగా వెళ్లి, పక్కన పరిగెత్తే కుర్రాడు జారిపడితే వాణ్ణి లాగబోయి, బండ అంచు ఈయన చీలమండకు తగిలింది. బరి దగ్గర ప్రథమ చికిత్స పెట్టె లేదు, డాక్టరు లేడు, ఎడ్లకు మాత్రం పశువుల డాక్టరు ఉన్నాడు, పాపం ఆయనే వచ్చి తువ్వాలు చింపి కట్టు కట్టాడు. ఎవరిదో కారు దొరికితే గుంటూరు తీసుకెళ్లాం. ఎముక విరిగింది. కౌలుకు తీసుకున్న రెండెకరాల మిర్చి కోతకొచ్చే సమయానికి ఆయన మంచం మీద. పిన్ని ఒక్కతే కూలీలను వెతుక్కుంటూ తిరిగింది. యజమాని కొంత ఇచ్చాడు, మేం కొంత వేసుకున్నాం, ఆయన తీసుకోనంటే పిన్ని చేతిలో పెట్టొచ్చాం.

ప్రధానమంత్రి సురక్షా బీమా అని ఉంది, ఏడాదికి 20 రూపాయలు కడితే ప్రమాదంలో చనిపోయినా, పూర్తిగా వికలాంగుడైనా 2 లక్షలు వస్తుంది. పోటీకి పేర్లు నమోదు చేసే రోజే తోలేవాళ్లందరికీ అది ఉందో లేదో చూసి, లేకపోతే కట్టించడం పెద్ద పనేం కాదు, కమిటీలకు మీరు ఒక్క ఆర్డరు వేస్తే చాలు. అయితే బాబాయిలా ఎముక విరిగి మంచాన పడితే అందులో పైసా రాదు, శాశ్వతంగా అంగం పోతేనే వస్తుంది. కాబట్టి అది ఒక్కటే చాలదు. మిగతా క్రీడాకారులకు గాయమైతే మీ శాఖ ఏం చేస్తుందో వీళ్లకీ అదే చెయ్యమని అడుగుతున్నాం. బరి పక్కన అంబులెన్స్ లేకుండా పోటీకి అనుమతి ఇవ్వొద్దు. ఇందులో మాకు ఏ మొహమాటమూ లేదు, మా ఊరి పోటీ ఆగిపోయినా సరే.

ఎడ్లను హింసిస్తారని కొందరు అంటారు. కొట్టేవాళ్లు ఉన్నారు, మేం కళ్లారా చూశాం, వాళ్లను వెనకేసుకు రావడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టునూ ఎడ్ల బండ్ల పందేలనూ ఆపినప్పుడు మా వాళ్లందరికీ ఒకటే టెన్షన్, ఇక ఈ ఆట పోయినట్టేనని. తర్వాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చట్టాలు సవరించుకున్నాయి, 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం ఆ మూడింటినీ సమర్థించింది. ఆ మూడింట్లో మనది లేదు. మనమూ కూర్చుని పద్ధతిగా నిబంధనలు రాసుకోవాలి సార్, ఏటా పండగ ముందు జరుగుతాయా జరగవా అని ఎదురుచూసే బదులు. చర్నాకోల ఎద్దుకు తగిలితే అడుగులు తగ్గించాలి, మళ్లీ తగిలితే జతను పంపించెయ్యాలి. అది కుదరదని అనేవాళ్లకి బాబాయి తోలిన పందేల వీడియోలు మా ఫోన్లలో ఉన్నాయి, చూపిస్తాం. కొట్టకుండా గెలవొచ్చని ఈ చుట్టుపక్కల జిల్లాల్లో అందరి కళ్లముందూ చేసి చూపించిన మనిషి ఆయన.

ఇంకొకటి, మా అందరికీ మనసులో ఉన్నది. ఆయనకు తెలిసింది ఆయనతోనే పోకూడదు. గుంటూరు పక్కనే లాం ఫారం ఉంది, ఒంగోలు జాతి మీద అక్కడ ఎప్పట్నుంచో పరిశోధన జరుగుతోంది. బాబాయిని, ఇలాంటి పెద్దవాళ్లను ఇంకొందరిని, గౌరవ వేతనం ఇచ్చి అక్కడికి పిలిపించండి. బెదిరిన గిత్తను ఎలా నిమ్మళించాలో, కాడికి కొత్తగా అలవాటు పడే కోడెను ఎలా దగ్గరకు తీయాలో చదువుకునే పిల్లలకూ, తోలడం నేర్చుకునే కుర్రాళ్లకూ చెప్పిస్తే బాగుంటుంది. మీ శాఖ, పశుసంవర్ధక శాఖ కలిసి మాట్లాడుకుంటే అయ్యే పని. ఈ మాట బాబాయితో అంటే, నాకేం చదువొచ్చు, నేనేం చెబుతాను అన్నాడు. కానీ ఆ రోజు సాయంత్రం చేతికర్ర పట్టుకుని మా పక్కింటి కోడె దగ్గర కూర్చుని, కుర్రాడికి ముకుతాడు ఎంత బిగువుగా ఉండాలో చాలాసేపు చెప్పాడు.

శాలువాలు కప్పారు, మెమెంటో ఇచ్చారు, మొన్న ఊళ్లో సన్మానం కూడా చేశారు, అందరికీ కృతజ్ఞతలు. పాత తోలేవాళ్లు చాలామంది వచ్చారు. ఒకాయనకు చెయ్యి వంకరపోయింది, ఒకాయన ఇప్పుడు యార్డులో మిర్చి బస్తాలు మోస్తున్నాడు. వాళ్లనీ అడిగి, ఎవరు ఏ జతలు తోలారో, ఏ ఊళ్లో గెలిచారో గుర్తున్నంత వరకు ఒక నోటు పుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టాం. ఇది ప్రభుత్వం చెయ్యాల్సిన పని, మా చేతనైనంత మేం చేస్తున్నాం.

సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్సులో అర్జీ ఇస్తున్నాం, ఒక కాపీ మీ ఆఫీసుకు పంపుతున్నాం. ఉగాదికి మా దగ్గర జరిగే పోటీలకు మీరు రావాలి. బాబాయి వస్తాడు, తోలడు, మాతో పాటు మలుపు దగ్గర కూర్చుంటాడు. ఈసారి కమిటీని ఒప్పించాం, బోర్డు మీద యజమాని పేరు కింద తోలేవాళ్ల పేర్లు రాయిస్తున్నాం, మైకులో కూడా చదివిస్తాం. మీ శాఖ రికార్డులో ఆ పేర్లు ఎక్కించడానికి ఒక మనిషిని, ఒక రిజిస్టరును ఆ రోజు పంపించండి సార్.

ఇట్లు,
బండలాగుడు పోటీల అభిమానులు,
గుంటూరు