కొంగు చాటు సిలువ గుర్తు

ఫిరంగిపురం,
ఆదివారం మధ్యాహ్నం

బుజ్జీ,

ఈస్టరు పండగనాడు మాట్లాడావు. ఆ తర్వాత నీ గొంతు వినలేదు. "బిజీ అమ్మా" అని మెసేజ్ పెడితే నా మనసు కుదుటపడదు, అందుకే కాగితం తీసుకున్నాను. ఆవకాయ పెట్టడం అయింది, నీ జాడీ వేరే ఉంచాను. నాన్నకి బీపీ అదుపులోనే ఉంది. పెద్దనాన్న వాళ్ళ మిర్చి కోల్డ్ స్టోరేజీకి చేరింది.

జోజమ్మ పిన్ని మీ ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి వచ్చి వెళ్ళిందిగా. విస్తరి ముందు నువ్వు కొంగు చాటున, బొటనవేలితో గుండె మీద ఇంత చిన్న సిలువ గీసుకున్నావట, ఎవరూ చూడకుండా. నువ్వు వ్రతంలో కూర్చున్నావని పిన్ని నాలుగు మాటలు అంది. అవి నేను పట్టించుకోలేదు. సంకల్పం చెప్పేటప్పుడు అల్లుడి చెయ్యి పట్టుకుని కూర్చోవడం నీ ధర్మం. నన్ను నిద్ర పోనివ్వనిది ఆ కొంగు చాటు.

సరే, మోకాలు ఎలా ఉంది? స్కూటీ మీద నుంచి పడ్డ దెబ్బ అంత తేలిగ్గా పోదు. చర్చికి వెళ్తే, దివ్యసత్ప్రసాదం ఉంచే దివ్యమందసం ముందు మోకాలు నేలకి ఆనించాలని పట్టు పట్టకు. 1969లో మన దేశపు బిషప్పులు అడిగితే రోము మన పూజలో పన్నెండు మార్పులకు అనుమతి ఇచ్చింది. మోకాలు వంచే బదులు చేతులు జోడించి బాగా వంగడం అందులో ఒకటి. చెప్పులు విప్పడం, నేల మీద కూర్చోవడం, కొవ్వొత్తుల చోట నూనె దీపాలు, హారతి కూడా ఉన్నాయి. ముద్దు పెట్టుకునే చోట చేత్తో తాకి కళ్ళకద్దుకోవచ్చని కూడా ఉంది.

ఆ కళ్ళకద్దుకోవడం నేను మీ అత్తగారి దగ్గరే చూశాను. నీ పెళ్ళి కుదిరిన ఏడాది, ఫిబ్రవరి 11న గుణదల మేరీమాత తిరునాళ్ళకి వదినగారిని తీసుకెళ్ళాను కదా. జనం చెప్పలేనంత. ఒక పక్క తలనీలాలు ఇచ్చే పిల్లల ఏడుపులు, ఇంకో పక్క కొబ్బరికాయలు కొట్టే చప్పుడు. ఆవిడకి ఎలా ఉంటుందోనని నాకు ఒకటే టెన్షన్. ఆవిడేమో కొండ కిందే చెప్పులు విప్పేసి ఆయాసపడుతూ ఎక్కింది. గుహ దగ్గర రాతిని తాకి, పసుపు మరకలున్న ఆ వేళ్ళు రెండు కళ్ళకీ అద్దుకుని, అలాగే నిలబడిపోయింది. నేను సిలువ గుర్తు వేసుకోవడం చూసి, "వదినా, అదెలాగో నాకూ చూపించు. తప్పుగా వేస్తే అమ్మకి కోపం వస్తుందా?" అంది. ఆవిడ కుడిచెయ్యి నా చేతిలోకి తీసుకుని నుదురు, గుండె, ఎడమ భుజం, కుడి భుజం తాకించాను. పిత, పుత్ర, పవిత్రాత్మ అని నాతో పాటే పలికింది. కుడి భుజం దగ్గర ఆగి, నేను చెప్పకుండానే చేతులు జోడించింది. దిగి వచ్చాక బస్టాండులో, మీ మామగారు ఆచమనానికి అరచెయ్యి ఆవు చెవిలా ఎలా వంచుతారో చూపించింది. మినపగింజ మునిగేటన్ని నీళ్ళే పట్టాలట. నాచేత రెండు మూడుసార్లు పట్టించింది, ప్రతిసారీ నీళ్ళు మణికట్టు మీదికి కారిపోయాయి.

అలాంటి మనిషి ముందా నువ్వు దాచుకున్నది?

చిన్నప్పుడు మాకు జపాలు నేర్పే ఉపదేశిగారు, "ఈగలు తోలుతున్నావా?" అని నాచేత సిలువ గుర్తు పదిసార్లు వేయించారు. చెయ్యి నుదుటిని తాకాలి, గుండెని తాకాలి, రెండు భుజాలూ తాకాలి. అది జ్ఞానస్నానం నాటి నుంచి నీది. మీ ఇంట్లో హారతి కళ్ళకద్దుకునేటప్పుడూ అంతే, వేళ్ళ చివర్లతో కానిచ్చేయకు, రెండు అరచేతులూ చాపు. మగవాళ్ళు సాష్టాంగపడితే జంకకు. గుడ్ ఫ్రైడేనాడు మన చర్చి స్వాములవారు బలిపీఠం ముందు బోర్లా పడుకోరూ? ఈసారి మన చంటిగాడు భయపడి "తాతా, స్వాములోరు పడిపోయారు" అని నాన్న చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఆడవాళ్ళకి మాత్రం సాష్టాంగం లేదు, మోకాళ్ళ మీద వంగి చేసే పంచాంగ నమస్కారమే. నొప్పిగా ఉంటే నిలబడే దణ్ణం పెడతానని అత్తయ్యకి చెప్పు. ఆవిడ కాదనదు.

నువ్వు ఆ పీట మీద కూర్చుని ఏం మొక్కుకున్నావో నేను అడగను. ఎవరైనా ఏమైనా అన్నారా, లేక నువ్వే ఏదో ఊహించుకున్నావా, అది మాత్రం చెప్పు. అల్లుడికి తెలుసా?

గురువారం ఇన్నయ్య బాబాయి హైదరాబాదు వస్తున్నాడు. జాడీతో పాటు మోకాలికి రాసుకునే నూనె, నీ పాత జపమాల పంపుతున్నాను. దాని సిలువ ఊడిపోతే తీగతో కట్టాను, గుచ్చుకోకుండా చూసుకో. ఆవకాయ తడి గరిటెతో తియ్యకు. మధ్యాహ్నం రెండింటికి ఫోన్ చెయ్యి, నాన్న పడుకుని ఉంటారు, మనిద్దరమే మాట్లాడుకోవచ్చు.

అమ్మ