పక్షవాతం తరువాతి నొప్పిని కల్పితమని కొట్టిపారేయవద్దు

గౌరవనీయులైన సంపాదకులకు,

రక్తపోటును అదుపులో ఉంచుకోవాలనీ, లక్షణాలు కనిపించిన నాలుగున్నర గంటలలోపే చికిత్స అందాలనీ చెబుతూ పక్షవాతం గురించి పత్రికలు రాస్తున్న వ్యాసాలు ఎంతో మేలు చేస్తున్నాయి. అయితే ప్రాణం దక్కి ఇల్లు చేరిన రోగికి, కొన్ని వారాలకో నెలలకో, చచ్చుబడిన పక్కనే మొదలయ్యే తీవ్రమైన నొప్పి గురించి రాసేవారు అరుదు.

ఒంటి నుంచి వచ్చే స్పర్శ, వేడి, చలి, నొప్పి సంకేతాలలో చాలావరకు మెదడు నడుమనున్న థాలమస్ గుండానే మెదడు పైపొరకు చేరుతాయి. రక్తనాళం పూడుకుపోయి గానీ చిట్లి గానీ ఆ భాగం దెబ్బతింటే, చేతికీ కాలికీ ఏ గాయమూ లేకపోయినా అవి మండిపోతున్నట్లు కొందరికి అనిపిస్తుంది. ఫ్రాన్సులో డెజెరిన్, రూసీ అనే వైద్యులు 1906లోనే దీనిని వర్ణించారు. మా అమ్మగారికి ఎడమ చేతి మీద చీర కొంగు జారితే చాలు, నిప్పు పెట్టినట్లుండేది. గాలి తగిలినా ఓర్చుకోలేక ఎండాకాలంలో కూడా ఫ్యాను ఆపేయమనేవారు. ఎక్స్‌రేలో, రక్తపరీక్షల్లో ఏమీ కనిపించనందున, చూపించిన చోట 'ఏమీ లేదమ్మా, మనసు గట్టి చేసుకోండి' అని పంపేశారు. చుట్టాలైతే, కోడలి చేత సేవలు చేయించుకోవడానికే ఈ మూలుగులన్నారు. ఆ మాట ఆమెను నొప్పికంటే ఎక్కువగా కుంగదీసింది.

నొప్పికి మెదడులో ఒకే కేంద్రమంటూ లేదు. ఎక్కడ, ఎంత అన్నది గుర్తించడంలో స్పర్శకు సంబంధించిన పైపొరకు, అది ఎంత దుర్భరమన్నది నిర్ణయించడంలో ముందరి సింగ్యులేట్, ఇన్సులా వంటి భాగాలకు ప్రధాన పాత్ర ఉంది. 1997లో మాంట్రియల్ పరిశోధకులు కొందరి చేత చేతిని నొప్పి పుట్టేంత వేడి నీటిలో పెట్టించి, ఆ బాధ ఎక్కువగానో తక్కువగానో తోచేలా హిప్నాటిజం ద్వారా సూచనలిచ్చారు. నీటి వేడి మారకపోయినా సింగ్యులేట్‌లో చురుకుదనం మారింది. స్పర్శను గుర్తించే పైపొరలో అలాంటి మార్పు కనిపించలేదు. భయం, నిద్రలేమి, తన మాట ఎవరూ నమ్మడం లేదన్న వేదన నొప్పిని మరింత భరించరానిదిగా చేయడంలో ఆశ్చర్యమేముంది?

మామూలు నొప్పి మాత్రలు దీనికి అంతగా పనిచేయవు. అమిట్రిప్టిలిన్ వంటి మందులు, పూర్తిగా కాకపోయినా, కొందరికి ఉపశమనమిస్తాయి. అది డిప్రెషన్ మందని మందుల షాపులో చెప్పగానే, 'చూశారా, మనోవ్యాధే' అని ఇంటివారు మాన్పించేస్తుంటారు. ఏ మందు ఎందుకిస్తున్నారో డాక్టరు రెండు నిమిషాలు వివరిస్తే ఈ అనర్థం జరగదు.

తనకు నొప్పిగా ఉందని ఒక వ్యక్తి చెబితే ఆ మాటను గౌరవించాలని నొప్పిపై పనిచేసే అంతర్జాతీయ వైద్య సంఘం 2020లో సవరించిన నిర్వచనంలో స్పష్టంగా పేర్కొంది. పక్షవాత రోగులను ఇంటికి పంపేటప్పుడు, ఇలాంటి నొప్పి రావచ్చనీ, వస్తే నరాల వైద్యుడిని కలవాలనీ డిశ్చార్జి కాగితంలో తెలుగులో రాసి ఇచ్చేలా ఉభయ రాష్ట్రాల ఆరోగ్య శాఖలు ఆసుపత్రులను ఆదేశించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, ఏలూరు