కేస్ షీట్లను ఒకే పద్ధతిలో రాయించండి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నల్లగొండ జిల్లాలో స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరైన నేను, 2021 మే నెలలో కొవిడ్ వార్డులో చూసినదాన్ని బట్టి ఈ విన్నపం చేస్తున్నాను. మహమ్మారి వచ్చినప్పుడు ఏ రోగికి ఏ రోజు ఏ చికిత్స ఇచ్చారో అన్ని ఆసుపత్రులూ ఒకే నమూనాలో రాసే ఏర్పాటు, వార్డులు ప్రశాంతంగా ఉన్న ఈ రోజుల్లోనే జరగాలి.

ఒక రాత్రి దేవరకొండ వైపు నుంచి ఒక పెద్దాయనను 108లో మా దగ్గరికి తెచ్చారు. అంతకుముందు ఆయన వేరే ఆసుపత్రిలో ఆరు రోజులు ఉన్నారు. కొడుకు చొక్కా జేబులోంచి చెమటకు తడిసిన చీటీ తీసి నా చేతిలో పెట్టాడు. పేరు, వయసు, ఆక్సిజన్ పెట్టామన్న ముక్క తప్ప అందులో ఏమీ లేదు. స్టెరాయిడ్ ఎప్పుడు మొదలుపెట్టారో, ఎంత మోతాదు ఇచ్చారో, షుగర్ చూశారో లేదో తెలియలేదు. "రోజూ రెండుసార్లు ఏదో సూదేసిన్రు సిస్టర్" అన్నాడు ఆ అబ్బాయి. మేము చూసేసరికి షుగర్ నాలుగు వందలు దాటింది. మూడో రోజుకు కంటి కింద వాపు వచ్చింది, బ్లాక్ ఫంగస్ అని అనుమానం. కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రికి పంపించాము.

డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఎవరికి మేలు చేస్తుందో అప్పటికి తెలియనిది కాదు. బ్రిటన్‌లో 170కి పైగా ఆసుపత్రులు ఒకే పరీక్షలో పాల్గొని, ఒకే చిన్న ఫారంలో వివరాలు రాయబట్టే, రోజుకు 6 మిల్లీగ్రాముల మోతాదుతో వెంటిలేటర్ మీద ఉన్నవారిలో మరణాలు దాదాపు మూడో వంతు, ఆక్సిజన్ మీద ఉన్నవారిలో ఐదో వంతు తగ్గాయని, ఆక్సిజన్ అవసరం లేనివారికి ప్రయోజనం లేదని 2020 జూన్‌లోనే తేలింది. మన దేశంలోనూ భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 39 ఆసుపత్రుల్లో 464 మందిపై పరీక్షించి, కోలుకున్నవారి రక్తంలోని ప్లాస్మాను ఎక్కించే చికిత్స మరణాలను తగ్గించడం లేదని అదే ఏడాది చెప్పింది. ఆసుపత్రులు కలిసి లెక్క రాస్తే జవాబు ఇంత త్వరగా దొరుకుతుంది. మన జిల్లాల్లో ఆక్సిజన్ అవసరం లేకుండానే స్టెరాయిడ్ తీసుకున్నవారు ఎందరు, వారిలో బ్లాక్ ఫంగస్ ఎందరికి వచ్చింది అని అడిగితే, ఆ చీటీల్లోంచి ఏం చెప్పగలం?

రాయకపోవడం నర్సుల బద్ధకం కాదు. పీపీఈ కిట్‌లో చెమట కళ్లలోకి కారుతుంటే, వార్డులోని కాగితం బయటికి తేకూడదని అద్దానికి ఆనించి చూపితే అవతలి సిస్టర్ నకలు రాసుకునేది. అందుకే ఫారం ఒక్క పేజీకి మించకూడదు: ఆక్సిజన్ శాతం, నిమిషానికి ఎన్ని లీటర్లు, స్టెరాయిడ్ పేరు, మోతాదు, షుగర్, బోర్లా పడుకోబెట్టిన గంటలు. రాత్రి షిఫ్టుకు కూడా డేటా ఎంట్రీ మనిషిని ఇవ్వాలి. ప్రైవేటు ఆసుపత్రులకూ ఇదే నియమం వర్తించాలి, రోగిని వేరేచోటికి పంపేటప్పుడు ఆ పేజీల నకలు వెంట వెళ్లాలి. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి మెడికల్ కాలేజీల్లోని కమ్యూనిటీ మెడిసిన్ విభాగాలు, రోగుల పేర్లు తీసేసి, ఈ లెక్కలను వారం వారం క్రోడీకరించి డాక్టర్లకు తిరిగి చెప్పవచ్చు.

ఈసారి జరిపే మాక్ డ్రిల్‌లో ఆక్సిజన్ ప్లాంటుతోపాటు ఈ ఫారం నింపడాన్ని కూడా పరీక్షించేలా ఆదేశాలు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు,
నల్లగొండ