సంచి చిరిగితే కాదురా, పని మానేస్తేనే

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి పదిహేను రోజులైంది, ఈపాటికి నన్ను తిట్టుకునే ఉంటావు. యూనిట్ టెస్టు పేపర్లు దిద్దడంతోనే సరిపోయిందిరా. ఇవాళ ఆదివారం, మా ఆవిడ పుట్టింటికెళ్లింది, కరెంటు కూడా ఉంది. తీరిగ్గా రాస్తున్నా, నువ్వూ తీరిగ్గానే చదువు.

తొమ్మిదో తరగతిలో లైసోజోములంటే ఏంట్రా అని మాస్టారు అడిగితే, నువ్వు లేచి "ఆత్మహత్యా సంచులండీ!" అని అరిచావు, గుర్తుందా? ఇన్నేళ్లుగా నేనూ పిల్లలకి ఆ ముక్కే అప్పజెప్తున్నా. కణంలో చిన్న సంచులు, వాటిలో అరిగించే ఎంజైములుంటాయి, చిరిగితే కణం తనని తానే అరిగించుకుని చస్తుంది, రాసుకోండి, రెండు మార్కులు. మొన్న వెనక బెంచీ పిల్ల ఒకతి లేచింది. "సార్, సంచి బాగానే ఉండి, లోపల ఎంజైమే లేకపోతే?" అంది. పై క్లాసుల్లో వస్తుందిలే, కూర్చో అన్నాను. వస్తుందో రాదో నాకే తెలీదు. సిగ్గేసింది. ఆ రాత్రి పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నా.

అసలు ఈ సంచి దొరికిందే ఫ్రిజ్ పుణ్యాన. 1949లో బెల్జియంలోని లూవెన్‌లో క్రిస్టియన్ డి డ్యూవ్ అనే ఆయన ఇన్సులిన్ సంగతి తేల్చుకుందామని ఎలుక కాలేయం మీద పనిచేస్తున్నాడు. కాలేయాన్ని మన మిక్సీలాంటి దాంట్లో కొడితే యాసిడ్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము దండిగా కనిపించేది. గాజు గొట్టంలో రోకలిలాంటిది పెట్టి మెల్లగా నూరితే మాత్రం అందులో పదోవంతే వచ్చింది. మిగతాది ఏమైపోయినట్టు? ఆ ముద్దని ఫ్రిజ్‌లో పెట్టి, ఐదు రోజుల తర్వాత తీసి మళ్లీ కొలిస్తే మొత్తం ఉంది! మెల్లగా నూరినప్పుడు సంచులు చిరగలేదు, ఎంజైము లోపలే దాక్కుంది. ఐదు రోజుల్లో సంచులు పాడై బయటికొచ్చింది. ఇంకొకరైతే కొలత తప్పిందనుకుని పారబోసేవాళ్లు. ఈయన దాని వెంటే పడి, 1955లో లైసోజోమ్ అని పేరు పెట్టి, 1974లో మరో ఇద్దరితో కలిసి నోబెల్ అందుకున్నాడు.

మనం బట్టీపట్టిన "చిరిగితే చావే" అన్నదాంట్లోనూ సగమే నిజం. ఆ ఎంజైములకి పులుపు కావాలి. పులుపుని కొలిచే పీహెచ్ అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ; సంచి లోపల అది నాలుగున్నర, ఐదు మధ్య ఉంటుంది. అంటే ఇంచుమించు మన చారులో పిండే టమాటా అంత పులుపు. బయట కణద్రవంలో ఏడు పైచిలుకు. కాస్త కారినా ఆ ఎంజైములు అక్కడ పెద్దగా పనిచెయ్యవు. చాలా సంచులు ఒకేసారి బద్దలైతే అది వేరే సంగతనుకో. రాతి దుమ్ము పీల్చేవాళ్ల ఊపిరితిత్తుల్లో జరిగేది కొంత అదే. సిలికా రేణువుని మింగిన కణంలో సంచి చిరిగిపోతుంది.

ఇంక ఆ పిల్ల ప్రశ్న. శీనూ, దానికి జవాబు ఒక పసిబిడ్డ గుండెలో ఉందిరా. 1932లో ఆమ్‌స్టర్‌డామ్‌లో యోహానెస్ పాంపే అనే పాథాలజిస్టు, చనిపోయిన ఏడు నెలల పాపని పరీక్షించాడు. గుండె విపరీతంగా పెరిగిపోయి ఉంది. ఆ కండరం నిండా గ్లైకోజన్, అంటే ఒంట్లో దాచుకునే పిండిపదార్థం. అది ఎందుకు పేరుకుందో తెలియకుండానే ఆయన పోయాడు. యుద్ధంలో నాజీలకి వ్యతిరేకంగా రహస్యంగా పనిచేస్తూ, తన ల్యాబులో రేడియో ట్రాన్స్‌మిటర్ దాచనిచ్చాడు. పట్టుబడ్డాడు, 1945 ఏప్రిల్లో కాల్చేశారు. యుద్ధం ముగియడానికి ఇంకో నెల కూడా లేదు. అది చదివి కాసేపు పుస్తకం మూసేశాను.

కారణం 1963లో తేలింది, అదీ లూవెన్‌లోనే. హెర్స్ అనే ఆయన చూస్తే, లైసోజోములో గ్లైకోజన్‌ని విరగ్గొట్టే ఎంజైము, పాంపే పేరే పెట్టిన ఈ జబ్బున్న పిల్లల్లో లేదు. సంచి చిరగలేదు, పేలలేదు. లైసోజోముని పాత ఇనుప సామాన్ల కొట్టనుకో. కొట్టువాడు సరుకు తీసుకుంటూనే ఉన్నాడు, విడగొట్టడం మాత్రం మానేశాడు. కొట్టు నిండింది, వీధి నిండింది. ఒక్కో ఎంజైము పోతే ఒక్కో జబ్బు, ఇలాంటివి యాభైకి పైనే ఉన్నాయి. గాషర్ అనే జబ్బులో కొవ్వు పేరుకుని ప్లీహం ఉబ్బుతుంది, టే-సాక్స్ అనే దాంట్లో మెదడు దెబ్బతింటుంది.

వీటిలో చాలావాటికి అమ్మ దగ్గర్నుంచి ఒకటి, నాన్న దగ్గర్నుంచి ఒకటి, రెండు చెడ్డ జన్యువులూ రావాలి. మన వైపు మేనరికాలు నీకు తెలియనివా! ఇద్దరూ ఒకే చెడ్డ జన్యువు మోస్తుంటే ప్రతి కాన్పుకీ నాలుగింట ఒక వంతు భయం.

కొన్నిటికి మందు ఉంది. లేని ఎంజైముని తయారుచేసి సెలైన్‌లా వారానికో, రెండు వారాలకో ఒకసారి ఎక్కిస్తారు. ఈ ఎంజైముల్లో చాలావాటికి మానోస్-6-ఫాస్ఫేట్ అనే చిన్న చక్కెర చీటీ అంటుకుని ఉంటుంది. కణం ఆ చీటీ చూసి లోపలికి లాక్కుని, సరిగ్గా లైసోజోముకే పంపుతుంది. పోస్టుమ్యాన్ అవసరమే లేదు! పాంపే జబ్బుకి ఇది 2006లో వచ్చింది. రక్తంలోంచి మెదడులోకి మాత్రం దాటదు. జీవితాంతం ఎక్కించాలి, ఖరీదు మనలాంటివాళ్లు ఊహించలేం. అరుదైన జబ్బులకి కేంద్రం 50 లక్షల దాకా ఇస్తుంది, హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రి, డీఎన్ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీ చూస్తాయి. కానీ ఆ లెక్క ఒక బిడ్డకి ఎన్నేళ్లొస్తుంది చెప్పు?

ఆ, నీ ఉపవాసం సంగతి. మూడు రోజులు మంచినీళ్లతో ఉంటే ఆటోఫజీ, అంటే కణం తనలోని పాత సామాన్లని తానే తినెయ్యడం, జరిగి ఒళ్లు కడిగినట్టవుతుందని వాట్సాప్‌లో చూశానన్నావు, దానికి నోబెల్ కూడా ఇచ్చారన్నావు. ఇచ్చారు, 2016లో ఒహ్సుమి అనే జపాన్ శాస్త్రవేత్తకి. ఆయన మాడ్చింది మనుషుల్ని కాదురా నాయనా, ఈస్ట్‌ని. అదీ అరిగించే ఎంజైములు తీసేసిన ఈస్ట్‌ని. కొన్ని గంటల్లో దాని సంచి నిండా అరగని మూటలు కనబడ్డాయి. అదే ఆయనకి దొరికిన దారి. ఆకలేసినప్పుడు కణం తన పాత సామాన్లే విడగొట్టుకు తింటుంది, నిజమే. నీకు షుగర్ ఉందన్న సంగతి ఆ వీడియో వాడికి తెలుసా? డాక్టర్ని అడక్కుండా మళ్లీ మొదలెట్టావంటే చెల్లెమ్మకి ఫోన్ చేసి చెప్పేస్తా.

రేపు మూడో పీరియడ్ ఆ క్లాసే. పాంపే గురించి చెబుతా. ఆ పిల్ల ఇంకేం అడుగుతుందోనని ఇప్పట్నుంచే గుబులుగా ఉందిరా.

నీ
రాజు